అప్పన్న కొండ చుట్టూ మా ఊరి దారులు

మొన్న మా మనుమడు సెలవులకు వచ్చి, చరవాణిలో పటం తెరిచి, "తాతా, మన జాలరిపేట నుంచి సింహాచలానికి రెండు దారులు చూపిస్తోంది. దేంట్లో పోదాం?" అని అడిగాడు. కళ్ళజోడు సవరించుకొని చూశాను. ఒక నీలపు గీత హనుమంతవాక దగ్గర ఎడమకు తిరిగి ఆరిలోవ, ముడసర్లోవ, అడవివరం మీదుగా పోతున్నది. రెండవది మద్దిలపాలెం, ఎన్.ఏ.డి., గోపాలపట్నం మీదుగా పోతున్నది. నడుమ ఆకుపచ్చగా కొండ. ఒక దారి ఆ కొండను ఈ కొసనుండి చుడుతున్నది, రెండవది ఆ కొసనుండి.

మా అమ్మ బ్రతికి ఉంటే ఈ ప్రశ్నకు, "ఏ పక్కనుంచి సుట్టినా అప్పన్న కాడికే ఎల్తావురా" అని ఉండేది. ఆమె పటం ఎన్నడూ చూడలేదు. అక్షరమూ రాదు. తలమీద ఎండుచేపల తట్టతో ఆ దారులన్నీ నడిచిన మనిషి.

మిత్రులారా, మా విశాఖపట్నం దారులను గూర్చి ఒక టపా వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కోటల గూర్చి, డచ్చివారి సమాధుల గూర్చి వ్రాసేవారున్నారు. బస్సు నంబర్ల గూర్చి ఎవరూ వ్రాయరు. నాకు మాత్రం ఈ ఊరి చరిత్ర అంతా బస్సు నొసటి బోర్డు మీదనే కనబడుతుంది. కాస్త పొడుగైతే మన్నించండి. నలభై నిమిషాల పీరియడ్లు చెప్పిన నోరు.

ముందుగా నేల తీరు చెప్పాలి. అది తెలియకపోతే దారులు అర్థం కావు. ఊరికి ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరుస. దక్షిణాన యారాడ కొండ. దాని కొసనే నావికులు డాల్ఫిన్ నోస్ అన్నారు. ఈ రెంటి నడుమ సముద్రం లోపలికి చొచ్చుకొని వచ్చిన ఉప్పుటేరు, బురదనేల. ఆ ఉప్పుటేటినే త్రవ్వి 1933లో రేవు చేశారు. ఆ యేడు అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ మొదట లోపలికి వచ్చింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ దానిని లాంఛనంగా ప్రారంభించాడు. కనుక మా ఊరిలో ఎవడు ఎటు పోవాలన్నా కొండనైనా చుట్టాలి, రేవునైనా చుట్టాలి. తిన్నని దారి అనేది మాకు పుట్టుకతోనే లేదు.

ఈ చుట్టడంలో అన్నింటికంటె ముందుది గిరిప్రదక్షిణం. ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు జనం సింహాచలంలో తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరుతారు. అడవివరం, హనుమంతవాక మీదుగా అప్పుఘర్ దగ్గర సముద్రానికి వచ్చి మునుగుతారు. అక్కడి నుండి ఊరిలోకి వచ్చి, మాధవధార, ఎన్.ఏ.డి., గోపాలపట్నం మీదుగా తిరిగి అప్పన్న పాదాల చెంతకు చేరుతారు. సుమారు 32 కిలోమీటర్లు. అప్పుఘర్ మా పేటకు పొరుగే. ఆ రాత్రి మా వాళ్ళెవరూ నిద్రపోరు. మంచినీళ్ళూ మజ్జిగా పట్టుకొని రోడ్డుమీదనే ఉంటారు.

నా చిన్నతనంలో దీనిని మ్రొక్కుగానే ఎరుగుదును. ఉద్యోగంలో చేరి, బస్సుల మీద పడి తిరగడం మొదలుపెట్టాక ఒక సంగతి తట్టింది. ప్రదక్షిణపు దారి, మా ఊరి బస్సుల దారి ఇంచుమించు ఒకటే! తరువాత కేంద్రప్రభుత్వపు జె.ఎన్.ఎన్.యు.ఆర్.ఎం. పథకం 2005లో వచ్చినప్పుడు విశాఖకు బి.ఆర్.టి.ఎస్. అని ప్రత్యేకమైన బస్సు బాటలు రెండు మంజూరయ్యాయి. ఒకటి పెందుర్తి బాట: కాంప్లెక్సు నుండి ఎన్.ఏ.డి., గోపాలపట్నం మీదుగా పెందుర్తికి. రెండవది సింహాచలం బాట: మద్దిలపాలెం, హనుమంతవాక, అడవివరం, సింహాచలం మీదుగా అదే పెందుర్తికి. రెండూ కలిసి సుమారు 40 కిలోమీటర్లు. మా మనుమడి చరవాణిలోని రెండు నీలపు గీతలు ఇవే. ఇంజనీర్లు కొలతలు వేసి, నివేదికలు వ్రాసి, చివరకు అప్పన్న భక్తులు తొక్కిన బాటనే పట్టుకున్నారు. ఇది ఇంజనీర్లకు తక్కువ కాదు. కొండ ఒప్పుకొన్న దారి అదొక్కటే. ఆ బాటల నడిమి వరుసలు బస్సులకేనని వేశారు గాని, కారులూ మోటారు సైకిళ్ళూ ఆ మాట పట్టించుకొన్నట్లు నాకెన్నడూ కనబడలేదు.

ఇక పెద్ద రోడ్డు సంగతి. చెన్నపట్నం నుండి ఉత్తరదేశానికి తూర్పు తీరాన పోయే బాట బహుప్రాచీనం. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, 1831లో పురీ జగన్నాథం మీదుగా తీరం వెంబడి దిగి వచ్చాడు. పల్లకీలు, బోయీలు, దారిలో సత్రాలు, ఏళ్ళ దగ్గర పడవల కోసం పడిగాపులు. 1890ల నడుమ బెజవాడ నుండి కటకం దాకా రైలు వేశారు. ఆ రైలు వాల్తేరుకు వచ్చింది, విజయనగరానికి పోయింది. భీమునిపట్నాన్ని మాత్రం ప్రక్కన వదలివేసింది. 1861లోనే పురపాలక సంఘమైన ఊరు, ఓడల రేవు, అంతటి భీమిలి అలా దారి తప్పిన ఊరయింది. దారి ఎటు పోతే ఊరు అటు పెరుగుతుందనడానికి మాకు వేరే పాఠం అక్కరలేదు. వాల్తేరు పెరిగి విశాఖపట్నమయింది. స్టేషను పేరు కూడ 1987లో వాల్తేరు పోయి విశాఖపట్నం అయింది.

1956లో జాతీయ రహదారుల చట్టం వచ్చింది. దాని అనుబంధంలో బహరాగొడా దగ్గర నుండి కటకం, భువనేశ్వరం, విశాఖపట్నం, విజయవాడల మీదుగా మదరాసుకు పోయే రోడ్డుకు 5 అనే అంకె ఇచ్చారు. ఐదో నంబరు రోడ్డు అంటే మాకు అదే. వాజపేయి ప్రభుత్వకాలంలో స్వర్ణ చతుర్భుజి పేరిట దానిని వెడల్పు చేశారు. 2010లో దేశమంతటా అంకెలు మార్చినప్పుడు అది 16 అయింది. మా పేటలో ముసలివాళ్ళకు ఇప్పటికీ అది ఐదో నంబరే. నేనూ ఆ ముసలివాళ్ళలో చేరినట్లే.

ఆ రోడ్డు ఆనందపురం నుండి వచ్చి మధురవాడ, ఎండాడ దాటి, కొండల సందున హనుమంతవాక దగ్గర ఊరిలో ప్రవేశిస్తుంది. మద్దిలపాలెం, గురుద్వారా, ఎన్.ఏ.డి., గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం దాటి అనకాపల్లికి పోతుంది. అంటే కలకత్తా నుండి చెన్నపట్నం పోయే లారీ అంతా మా ఊరి నడివీధిలోనుండే పోవాలి. పాఠశాలకు పోయే పిల్లవాడూ, సింహాచలం మ్రొక్కుబడివాడూ, ఉక్కు కార్మికుడూ, ఆ లారీవాడూ అందరూ ఎన్.ఏ.డి. కూడలిలో ఒకరి ముఖం ఒకరు చూసుకొంటూ నిలబడాలి. అక్కడ వంతెన కట్టి 2021లో ప్రారంభించారు. అదే రోజులలో ఆనందపురం నుండి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లికి ఊరి వెలుపలినుండి ఆరు వరుసల రోడ్డు సుమారు 50 కిలోమీటర్లు సిద్ధమయింది. అనగా అప్పన్న కొండ చుట్టూ ఇంకొక చుట్టు పడింది, ఇంకాస్త దూరంనుండి. రాయపూరు నుండి 464 కిలోమీటర్లు వచ్చే కొత్త రహదారి కూడ సబ్బవరం దగ్గరికే వస్తుంది. ఆంధ్రప్రదేశ్ భాగానికి 2022 నవంబరులో విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. దూరపు లారీలకు మా ఊరు ఇక ప్రక్క ఊరే. వాటికి పోయేందుకు వేరే దారి దొరికింది, మాకు ఊపిరి దొరికింది.

ఇప్పుడు నాకిష్టమైన భాగానికి వస్తాను: పేర్లు.

భాషాప్రవీణ చదివినవాడు బస్సెక్కితే ఊరకే కూర్చోలేడు. ప్రతి స్టాపు పేరునూ విడదీసి చూస్తాడు. హనుమంతవాక, గాజువాక: వాక అంటే ఏరు, ప్రవాహం. ఆ మాటను కావ్యాలలో చదివి తాత్పర్యం చెప్పించుకొనే పిల్లలు, రోజూ టికెట్టు కొనేటప్పుడు అదే మాటను కండక్టరుతో అంటారు. రెండూ ఒకటేనని తెలియదు. ఆరిలోవ, ముడసర్లోవ: లోవ అంటే కొండల నడిమి లోయ, తుని దగ్గరి తలుపులమ్మ లోవ అందరికీ తెలిసినదే. మరికవలస, తగరపువలస, చిట్టివలస, కొత్తవలస: ఎక్కడినుండో తరలివచ్చి దిగినవాళ్ళ ఊళ్ళు. కంచరపాలెం, మద్దిలపాలెం, వెంకోజీపాలెం, కూర్మన్నపాలెం: పాలెములు. అసీలుమెట్ట ఎత్తైన నేల, ఇసుకతోటకు వ్యాఖ్యానమే అక్కరలేదు. ఏరు ఎక్కడ పారిందో, ఇసుక ఎక్కడ పరచుకొన్నదో, వలస వచ్చినవాడు ఎక్కడ దిగాడో బోర్డులే చెబుతాయి. ఏళ్ళు కాలువలైనాయి, ఇసుక మీద మేడలు లేచాయి, మాట నిలిచింది.

సముద్రపు రోడ్డున భీమిలి పోయే బస్సు 900కె. అప్పుఘర్, తెన్నేటి పార్కు, రుషికొండ, మంగమారిపేట దాటాక చేపలుప్పాడ వస్తుంది. చేప, ఉప్పు రెండూ కలిసిన ఆ పేరు విన్నప్పుడల్లా నాకు మా ఇల్లు గుర్తుకు వస్తుంది. ఉప్పు రాసి, ఇసుకలో ఎండబెట్టి, తాటాకు బుట్టలకెత్తిన నెత్తళ్ళు, కవ్వళ్ళు, సావళ్ళు. ఆ ఊరిపేరును ఉచ్చరిస్తేనే వాసన తగులుతుంది నాకు. ఎవరికి కంపో ఎవరికి ఇంపో, అది తరువాత చెబుతాను.

కొన్ని పేర్లు మాత్రం పొట్టి అక్షరాలలో దాక్కున్నాయి. ఎం.వి.పి. కాలనీ అంటారు. ఆ మూడక్షరాల వెనుక మువ్వలవానిపాలెం అనే చక్కని తెలుగు పల్లె ఉన్నదని ఆ కాలనీలోనే పుట్టిన నా విద్యార్థులకు నేను చెప్పవలసి వచ్చింది. ఆర్.కె. బీచి అంటే రామకృష్ణ బీచి. అక్కడి రామకృష్ణ మఠాన్నిబట్టి వచ్చినది. ఎన్.ఏ.డి. అంటే నౌకాదళపు ఆయుధాగారం. దానిని ఆనుకొని కొత్తరోడ్డు. ఎన్ని తరాలు గడిచినా అది కొత్తరోడ్డే, కొత్తవలస కొత్తదే! ద్వారకా బస్ స్టేషన్ అని ఘనంగా పేరుపెట్టినదానిని ఆర్.టి.సి. కాంప్లెక్సు అనేవాడే తప్ప ద్వారక అన్నవాడిని నేను చూడలేదు. కారాగారం అడవివరం దారికి తరలిపోయి, పాతచోట ఉద్యానం వెలసినా జైలు రోడ్డు జైలు రోడ్డుగానే ఉన్నది.

అన్నింటిలోకి వింత సింధియా. గ్వాలియరు రాజవంశపు పేరు మా రేవు ప్రక్కన బస్సు స్టాపయి కూర్చున్నది. ఎలాగంటే, 1919లో వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ మొదలైనవారు గ్వాలియరు మహారాజు ఓడ 'లాయల్టీ'ని కొని సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టారు. ఆ ఓడ బొంబాయి నుండి ఆ యేడు ఏప్రిల్ 5న ఇంగ్లండుకు బయలుదేరింది. నేటికీ ఆ తేదీనే జాతీయ నౌకాయాన దినం చేస్తున్నాము. ఆ కంపెనీయే మా ఊళ్ళో ఓడల కర్మాగారం తలపెట్టింది. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. మరుసటి యేడు ఏప్రిల్ 6న జపానువారి బాంబులు ఊరిమీద పడ్డాయి. 1948లో 'జల ఉష' ఓడను నెహ్రూ నీటిలోకి దింపారు. తరువాత కర్మాగారం ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. కంపెనీ పోయింది. బోర్డుమీద సింధియా ఉన్నది. పూర్తిపేరు ఎవరికీ పట్టదు.

అన్ని పేర్లూ అలా నిలువలేదు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' అని 1966లో ఊరంతా లేచింది. తెన్నేటి విశ్వనాథం వంటి పెద్దలు ముందు నడిచారు. తెన్నేటి పార్కు ఆయన పేరిటిదే. ఆ యేడు నవంబరు 1న ఊళ్ళో కాల్పులు జరిగాయి. ఉద్యమం మొత్తంమీద 32 మంది ప్రాణాలు పోయాయంటారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. మద్దిలపాలెం నుండి కూర్మన్నపాలెం పోయే 400కె బస్సు ఆ చరిత్రకు సంతానం. ఆ బస్సులో తెల్లవారుజామున ఎక్కే కార్మికుల టిఫిను డబ్బాల చప్పుడు ఒక తరం సంగీతం. కాని ఆ కర్మాగారం కోసం 64 గ్రామాలవారు నేల ఇచ్చారు. వాటిలో ఎన్ని పేర్లు బోర్డులమీద మిగిలాయి? ఆ తరువాత 2009లో గంగవరం రేవు వచ్చినప్పుడు దిబ్బపాలెం మత్స్యకారులు సముద్రపు ఒడ్డు వదలి లోపలి కాలనీలకు పోయారు. మా చుట్టాలు కొందరున్నారు వారిలో. "మీ ఊరికి ఏ బస్సు?" అని అడగడం మా వాళ్ళు మానివేశారు. దిబ్బపాలెం అనే మాట పెండ్లి శుభలేఖలలో ఇంటిపేరు ప్రక్కన కనబడుతుంది.

పేర్ల తరువాత అంకెలు. మా ఊరి బస్సు అంకెల వెనుక వచ్చే అక్షరం ఒక ప్రత్యయం వంటిది. 10కె కైలాసగిరికి, 400కె కూర్మన్నపాలేనికి, 25ఎం మరికవలసకు, 900టి తగరపువలసకు. చివరి ఊరి తొలి అక్షరమే ప్రత్యయమని సూత్రం చేద్దామనుకొంటే, 900కె భీమిలికి పోతున్నది! చిన్నయసూరిగారిని తలచుకొని దీనిని 'బహుళం' క్రింద వేశాను. ఒకచోట వచ్చును, ఒకచోట రాదు, ఒకచోట వేరొకటగును. నా సహోపాధ్యాయుడైన లెక్కల మాష్టారు ఈ వివరణను ఒప్పుకోలేదు. వ్యాకరణం చదవనివాడికి ఏమి చెప్పగలం?

మన ప్రభుత్వపు బస్సుల పుట్టుక వేరే కథ. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టిన శాఖే దానికి మూలం. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కోస్తాలో అప్పటికి బస్సులు ప్రైవేటు యజమానులవి. కృష్ణాజిల్లా మార్గాలను జాతీయం చేయబోతే గుళ్ళపల్లి నాగేశ్వరరావు సుప్రీంకోర్టుకు పోయారు. అభ్యంతరాలు విన్నది కార్యదర్శి, నిర్ణయం చేసినది ముఖ్యమంత్రి. ఇది చెల్లదు, విన్నవాడే తీర్పు చెప్పాలి అన్నది కోర్టు. న్యాయవిద్యార్థులు నేటికీ ఆ వ్యాజ్యం చదువుతారట. ఒక బస్సు తగాదాలోనుండి అంత పెద్ద న్యాయం పుట్టింది. మా అమ్మ తగాదాను వినడానికి మాత్రం ఎవరూ కూర్చోలేదు.

ఆ సంగతి ఇది. 1971లో కాబోలు, నేను ఐదవ తరగతి. వానలు పట్టాయి. మా అమ్మ ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకొని పెదవాల్తేరు కరకచెట్టు పోలమాంబకు దండంపెట్టి, ఇసుకతోట, హనుమంతవాక దాటి, లోవలోని పల్లెలన్నీ తిరిగి అడవివరం దాకా పోయేది. డబ్బు తక్కువ, చేపలకు మారుగా చోళ్ళు, గంట్లు, ధాన్యం కొలిచేవారు. అంటే వెళ్ళేటప్పుడెంత బరువో వచ్చేటప్పుడూ అంతే బరువు. బడి లేని రోజున నేనూ వెంట పోయేవాడిని. ఆనాడు హనుమంతవాక దగ్గర జడివాన. తడిస్తే ఎండుచేప పురుగుపడుతుంది. అమ్మ చెయ్యెత్తి ఒక బస్సు ఆపింది. ఆ బస్సు ఎవరిదో ఇక్కడ అనవసరం. డబ్బులు చేతిలో పట్టుకొనే ఎక్కాము. నాలుగడుగులు పోయేసరికి లోపల ఎవరో ముక్కు మూసుకొన్నారు, ఇంకెవరో కసిరారు. బస్సు ఆగింది. మమ్మల్ని దింపారు. ఇచ్చిన డబ్బు తిరిగి ఇచ్చారు, అది చెప్పకపోతే దోషం.

వానలో నిలబడి పోతున్న బస్సు వెనుకభాగం చూస్తూ అమ్మ అడిగింది: "ఒరే, దానిమీద ఏటి రాసుందిరా?"

నేను చదివాను: "సింహాచలం."

ఆమె కోపగించుకొంటుందనుకొన్నాను. నవ్వింది. "అప్పన్న పేరెట్టుకొని సేపల తట్టని దించేసినారా! ఆయన ముందు ఎత్తిన అవతారం సేపే కదరా" అన్నది. తట్ట మీద చెంగు కప్పి నడక సాగించింది. దశావతారాలకు నేను తరువాత ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను. ఆ మాటకు పైమాట చదవలేదు.

నన్ను బడి మాన్పించవద్దని మా నాయనతో ఆమె ఆ రాత్రే పోట్లాడింది. "బస్సు మీద రాత సదివినాడు" అని ఆమె వాదం. ఆ ఒక్క వాదం మీద నేను తెప్ప ఎక్కక, ప్రబంధాలు చదివి, తెలుగు పండితుడనయ్యాను.

1990ల తొలినాళ్ళలో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు మా పేటలో రాత్రిబడి నాకప్పగించారు. వచ్చినవారు అందరూ చేపల తట్టల ఆడవాళ్ళే. 1976లో చేపలరేవు వచ్చాక వాళ్ళ దినచర్య మారింది. తెల్లవారకముందే అక్కడికి పోయి, పాటలో చేపలు కొని, ఊళ్ళోకి పోయి అమ్మాలి. సాయంత్రం బడికి వచ్చేసరికి కళ్ళు మూతలు పడేవి. వాచకంలోని 'అల', 'వల' దిద్దించాను. "ఇయ్యి మాకు తెలిసినయ్యే కదా మేష్టరూ, తెలవనియ్యి సెప్పండి" అన్నారు. ఏమి తెలియాలి అని అడిగితే, ఒక పెద్దావిడ, "బస్సు మీద రాత" అన్నది. నేను ఉలిక్కిపడ్డాను.

ఆనాటినుండి నా వాచకం బస్సు బోర్డులే. అట్టల మీద ఊరిపేర్లు వ్రాసి గోడకు తగిలించాను. సున్నా తెలియాలంటే కంచరపాలెం, వత్తు తెలియాలంటే కొత్తవలస, దీర్ఘం తెలియాలంటే గాజువాక. అంకెల విషయంలో వాళ్ళే నాకు గురువులు. ఎవరూ నేర్పకుండానే వాళ్ళు బస్సులను ఎలా పోల్చుకొంటున్నారో అప్పుడు చెప్పారు. 2 అంటే గాలం. 8 అంటే వల ముడి. గాలమూ ముడీ వస్తే సింహాచలం బస్సు, అనగా 28. మూడు గాలాలు వరుసగా ఉంటే తగరపువలస 222. మూడు గెడలు నిలబెట్టినట్లుంటే 111. అది కూర్మన్నపాలెం నుండి తగరపువలస దాకా ఊరంతా ఈడ్చుకొని పోయే బస్సు. 900 అంటే ఒక తలకాయ, రెండు బెండ్లు; బెండ్లు వల తేలడానికి కట్టేవి. 999 మూడు తలకాయలు, అది ఆనందపురం మీదుగా భీమిలి పోతుంది. నలభై రోజులు బ్రతిమాలి నేను నేర్పినదానికంటె, ఆ ఒక్క రాత్రి వాళ్ళ దగ్గర నేను నేర్చుకొన్నది ఎక్కువ. లిపి పుట్టుకను గూర్చి మాకు కళాశాలలో పాఠం చెప్పారు గాని, అది పుడుతుండగా చూసినది మా పేటలోనే.

మా అమ్మ మొదట బడికి రానన్నది. తరువాత వచ్చి వెనుక వరుసలో కూర్చొన్నది. మిగతావేవీ పట్టించుకోలేదు. 'సింహాచలం' అనే మాట మాత్రం పలకమీద ముప్పై, నలభై సార్లు వ్రాసింది. సున్నా ఎక్కడ పెట్టాలో చివరిదాకా తడబడేది. ఒకటే పెట్టి రెండవది మరచేది. 2004లో పోయింది.

ఇప్పటి సంగతి చెప్పి ముగిస్తాను. 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో కలిపారు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి వేరే జిల్లా అయింది. 500వ నంబరు బస్సు ఎక్కితే ఇప్పుడు జిల్లా దాటినట్లే. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పేరుతో ఆడవారికి పల్లెవెలుగులోను, ఎక్స్‌ప్రెస్‌లోను, సిటీ బస్సులలోను ఉచిత ప్రయాణం వచ్చింది. మా పేట ఆడవాళ్ళు సంతోషించారు. చేపల తట్ట మాత్రం మునుపటివలెనే ఆటోలో పోతున్నది. నలుగురు కలిసి ఒక ఆటో మాట్లాడుకొని రేవు నుండి ఊళ్ళోకి పోతారు. తట్టకు వేరే, మనిషికి వేరే లెక్క. అమ్మకం అయ్యాక ఖాళీచేతులతో ఉంటే బస్సు.

మా మనుమడి ప్రశ్నకు జవాబుగా వాడిని బస్సులోనే తీసుకొనిపోదామని కాంప్లెక్సుకు పోయాను. అక్కడ మా రాత్రిబడిలో 'బస్సు మీద రాత' అడిగిన ఆ పెద్దావిడ కనబడింది. ఎనభై దాటి ఉంటుంది. ఆధారు కార్డు చెంగున ముడివేసుకొని, సున్నా టికెట్టుతో అప్పన్నను చూడడానికి బయలుదేరింది. బాగున్నావా పిన్నీ అంటే, "బాగున్నాను గాని మేష్టరూ, ఈ కొత్త బస్సుల మీద ఎర్రట్లైట్ల అచ్చరాలు పరిగెట్టేత్తన్నాయి. నిలబడితే సదువుదును" అన్నది. నిజమే. ఊరిపేరు ఒక ప్రక్కనుండి పుట్టి రెండవ ప్రక్కకు జారిపోతున్నది. నా కళ్ళకే అందడం లేదు.

"నేను చదివి చెబుతానులే" అన్నాడు మా మనుమడు. పట్నంలో ఆంగ్ల మాధ్యమంలో చదివే పిల్లవాడు. తల పైకెత్తి, కూడబలుక్కొంటూ, "సిం... హా..." అంటున్నాడు. ఆ లోపలే ఆవిడ మెట్టెక్కివేసింది.

"అచ్చరాలెందుకు బాబూ," అన్నది పైనుండి, "గాలమూ ముడీ కనపడ్డం లేదా?"